చప్పుడు రైలుది కాదు, బల్లది

ఒక మోడల్ రైలింజన్‌ను వెల్లకిలా తిప్పి మెత్తటి ఫోమ్ దిమ్మ మీద పడుకోబెట్టండి. రెండు వైర్లతో చక్రాలకు కరెంటు అందిస్తే అవి గాలిలో తిరుగుతాయి. మోటారు సన్నగా గుయ్యిమంటుంది, అంతే. పక్కగదిలో ఉన్నవాళ్లకు వినపడదు. అదే ఇంజన్‌ను ప్లైవుడ్ బల్ల మీద మేకులు కొట్టి బిగించిన పట్టాలెక్కించి, అదే వేగంతో నడపండి. గదంతా బరబరమని మోగిపోతుంది. ఇంజన్ అదే, మోటారు అదే. కొత్తగా వచ్చి చేరినవి పట్టాలు, వాటి కింద ఉన్న చెక్క. ఆ మోతలో ఎక్కువ భాగం ఆ చెక్కదే.

మోడల్ రైల్వేలు బ్రిటన్‌లో నూరేళ్లకు పైబడిన సంప్రదాయం. ఒక అసలు స్టేషనును, ఒక అసలు లైనును, ఒకానొక కాలంలో దాని మీద తిరిగిన రైళ్లను కొలత తప్పకుండా చిన్నవి చేసి మళ్లీ నిలబెట్టే కళ అది. అక్కడ ఎక్కువమంది వాడే ఓఓ స్కేలులో ప్రతి వస్తువూ అసలులో 76వ వంతు ఉంటుంది. రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. లండన్‌లో 1910లో మొదలైన మోడల్ రైల్వే క్లబ్ ఇలాంటి సంఘాల్లో ప్రపంచంలోనే పాతది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియంలో 1920లు, 30ల నాటి ఇంగ్లిష్ పల్లెసీమ గడ్డికప్పుల ఇళ్లతో సహా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఈ కళలో కంటికి ఆనే పనిని అందరూ మెచ్చుకుంటారు. ఇంజన్ మీది రంగు, స్టేషను గోడ మీది మసి, చెట్ల ఆకులు ఫొటోల్లోకి ఎక్కుతాయి. పట్టాలను చప్పుడు కాకుండా పరిచే పని ఏ ఫొటోలోనూ పడదు. పూర్తయ్యాక అది కంకర కింద, రంగు కింద, గడ్డి కింద దాగిపోతుంది. కానీ రైలు కదిలిన మొదటి క్షణంలోనే ఆ పని జరిగిందో లేదో చెవికి తెలిసిపోతుంది. అందుకే ఈ కళలో పట్టాలు పరచడాన్నే మొదటి పాఠంగా నేర్పాలని నా అభిప్రాయం.

నేల మీంచి బల్ల మీదికి

తొలినాళ్ల బొమ్మ రైళ్లు నేల మీదే తిరిగేవి. జర్మనీలోని గోపింగెన్‌కు చెందిన మార్క్‌లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాలతో సహా కీ ఇచ్చే రైలు సెట్టును చూపించింది. లివర్‌పూల్‌లో మెకానో సృష్టికర్త ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన రైళ్లను బజారులోకి తెచ్చాడు. ఇవన్నీ రేకుతో చేసిన పెద్ద బొమ్మలు. వాటి పట్టాలూ బోలు రేకే. చప్పుడు చేసేవి నిజమే గానీ, కింద ఉన్నది ఇంటి నేల. బరువైన నేల అంత సులువుగా అదరదు.

1922లో న్యూరెంబర్గ్‌కు చెందిన బింగ్ సంస్థ చాలా చిన్న రైలును చేసింది. నార్తాంప్టన్ వ్యాపారి బాసెట్-లోక్ దాన్ని టేబుల్ రైల్వే పేరుతో బ్రిటన్‌లో అమ్మాడు. భోజనాల బల్ల మీద పట్టేంత రైలు కావడంతో జనానికి నచ్చింది. 1938లో హార్న్‌బీ డబ్లో వచ్చాక ఆ పరిమాణమే బ్రిటిష్ ఇళ్లలో స్థిరపడింది. నేల మీద మోకాళ్లూనే అవసరం తీరింది. దృశ్యం కంటి ఎత్తుకు వచ్చింది. దాంతోపాటే రైలు కిందికి చెక్క బల్ల వచ్చింది. ఈ వ్యాసంలో చెప్పుకోబోయే చిక్కంతా ఆ మార్పుతోనే మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో సిడ్నీ ప్రిచర్డ్ పెకో సంస్థను స్థాపించాడు. డెవన్ తీరంలోని బీర్ అనే ఊళ్లో ఇప్పటికీ అది పట్టాలు తయారు చేస్తోంది. గజం పొడవున, అంటే 914 మిల్లీమీటర్ల ముక్కలుగా, ఎటు కావాలంటే అటు వంగే పట్టాలు దొరకడంతో అతుకులు తగ్గాయి. పట్టాల కింద అడ్డంగా ఉండే రేకు స్లీపర్ల చోట ప్లాస్టిక్ స్లీపర్లు వచ్చాయి. పట్టా చేసే చప్పుడు అలా సగం దారికి వచ్చింది. బల్ల చప్పుడు మాత్రం ఎవరిది వారే తీర్చుకోవలసిన లెక్కగా మిగిలింది.

అదురు నడిచే దారి

ఓఓ స్కేలు పట్టా ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. దాని మీద లోహపు చక్రం దొర్లినప్పుడు పట్టా అదురుతుంది. కంటికి నున్నగా కనిపించే పట్టా మీదా, చక్రం మీదా సన్నటి గరుకుతనం ఉంటుంది. అదురుకు అది చాలు. అయితే పట్టా సన్నటిది కాబట్టి గాలిని పెద్దగా కదిలించలేదు. అందుకే ఆ అదురు ఒక్కటే అయితే మనకు దాదాపు వినపడదు. పట్టా నుంచి స్లీపరుకు, స్లీపరు నుంచి మేకు ద్వారా బల్లకు చేరినప్పుడే అది మోత అవుతుంది. పలచగా, బిగుతుగా, వెడల్పుగా ఉన్న చెక్క ఏ చిన్న అదురునైనా అందుకుని గదిలోని గాలినంతా ఊపుతుంది.

ఇది తెలుగువారికి బాగా తెలిసిన సంగతే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. తీగను విడిగా ఎక్కడో బిగించి మీటితే చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడదు. దాని అదురు వీణ కుండకు చేరితేనే సభంతా వింటుంది. వీణ చేసేవారు ఎంతో శ్రమపడి సాధించే అనునాదాన్నే లేఅవుట్, అంటే బల్ల మీది మోడల్ రైల్వే, కట్టేవారు అంత శ్రమా పడి తప్పించాలి.

కాబట్టి అడగవలసినవి మూడు ప్రశ్నలు. అదురు ఎక్కడ పుడుతోంది? ఏ దారిన పోతోంది? ఎక్కడికి చేరి మోగుతోంది? మూడో ప్రశ్నకు జవాబు బల్ల, మొదటిదానికి చక్రం, రెండోదానికి ఆ మధ్య ఉన్న ప్రతి గట్టి వస్తువూ. గట్టిది గట్టిదాన్ని తాకిన ప్రతి చోటా అదురుకు ఒక వంతెన ఉన్నట్టే. చప్పుడు లేని పట్టాలు వేయడమంటే ఆ వంతెనలను ఒక్కొక్కటిగా వెతికి తెంచడం. తొంభై తొమ్మిది తెంచి ఒక్కటి వదిలేసినా అదురు ఆ ఒక్కదాన్ని పట్టుకునే పోతుంది.

చక్రం కింద

ముందు అదురు పుట్టే చోటు. పట్టాను కోసినప్పుడు తెగిన అంచున కంటికి ఆనని పొలుసు లేస్తుంది. వేలికొన ఆనిస్తే గీసుకుంటుంది. ఆకురాయితో పట్టా తలను, పక్కలను, అడుగును నాలుగైదు సార్లు రాస్తే అది పోతుంది. రెండు పట్టాలను కలిపే ఫిష్‌ప్లేటులో రెండూ ఒకే ఎత్తున కూర్చున్నాయో లేదో గోరు పెట్టి లాగి చూడాలి. గోరు తట్టుకుంటే చక్రమూ తట్టుకుంటుంది. వంపుల్లో అతుకు దగ్గర పట్టా కోణం తిరగకుండా ఉండాలంటే రెండు ముక్కలను తిన్నగా ఉన్నప్పుడే టంకం వేసి కలిపి, ఆ తర్వాతే వంచాలి.

అలాగని అన్ని అతుకులకూ టంకం వేయకూడదు. వేడికి పట్టాలు సాగుతాయి. తేమకు చెక్క ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పది మీటర్ల ఉక్కు పట్టా ముప్పై డిగ్రీల తేడాకు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. మోడల్ పట్టాలకు వాడే నికెల్ సిల్వర్ అంతకన్నా కాస్త ఎక్కువే సాగుతుంది. తిన్నటి చోట్ల సన్నటి కాగితం పట్టేంత సందు అక్కడక్కడ వదలాలి. వదలకపోతే వేసవిలో పట్టా పక్కకు వంకర తిరుగుతుంది.

చక్రాల సంగతీ ఇక్కడే చూడాలి. ప్లాస్టిక్ చక్రాలకు మురికి త్వరగా పట్టి, గట్టిపడి, గరుకుగా తయారవుతుంది. లోహపు చక్రాలకు అంతగా పట్టదు. శుభ్రంగా తుడిచిన చక్రం, నున్నటి పట్టా కలిస్తే కింది పొరల పని సగం తేలికవుతుంది.

మోగే చెక్క

ఇక బల్ల. పలచటి ప్లైవుడ్‌ను దూరదూరంగా ఉన్న బద్దెల మీద పరిస్తే మధ్యలో చర్మవాద్యంలా మోగుతుంది. కనీసం 9 మిల్లీమీటర్లు, వీలైతే 12 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ తీసుకుని, కింద ముప్పై నలభై సెంటీమీటర్లకొక అడ్డబద్దె చొప్పున జిగురు పెట్టి, స్క్రూలతో బిగించాలి. వదులుగా ఉన్న ఒక్క స్క్రూ చాలు, రైలు వచ్చిన ప్రతిసారీ గరగరమనడానికి. పిడికిలి కణుపుతో బల్లంతా తట్టి చూసి, ఎక్కడ బోలుగా పలికితే అక్కడ ఇంకో బద్దె వేయాలి.

అంతకన్నా మంచి మార్గం అసలు వెడల్పాటి చెక్కే లేకుండా చూసుకోవడం. పట్టాలు పోయే మేర మాత్రమే సన్నటి చెక్క బాట వేసి, మిగతా కొండలూ పొలాలూ తేలికైన జాలీ మీద కట్టవచ్చు. మోడల్ రైల్‌రోడర్ పత్రికకు సంపాదకుడిగా పనిచేసిన లిన్ వెస్ట్‌కాట్ అమెరికాలో ప్రచారంలోకి తెచ్చిన ఎల్-గర్డర్ పద్ధతి ఇలాంటిదే. ఎత్తుపల్లాలు కట్టడం సులువవుతుందని అక్కడివారు దాన్ని ఎంచుకున్నారు. మోగే చెక్క వైశాల్యం తగ్గడం దానితోపాటు వచ్చిన లాభం.

తేలిగ్గా ఉంటుందని ఈమధ్య చాలామంది గట్టి ఫోమ్ పలకల మీదే లేఅవుట్లు కడుతున్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఫోమ్ అనగానే మెత్తనిది, చప్పుడు మింగేస్తుంది అనుకుంటాం. ఇళ్ల గోడలకు వేడి ఆపడానికి వాడే పలక బిగుతుగా, బరువు లేకుండా ఉంటుంది. మోత మోగడానికి సరిగ్గా ఆ రెండే కావాలి. దాన్ని వాడేటప్పుడు పట్టా కింద వేరే మెత్తటి పొర వేయక తప్పదు. అడుగున బరువైన రబ్బరు షీటో, తివాచీ ముక్కో అతికిస్తే ఇంకా మంచిది.

మధ్యలో మెత్తటి పొర

పట్టాకూ బల్లకూ మధ్య ఏం వేయాలన్నది ఈ కళలో ఎక్కువ చర్చ జరిగిన సంగతి. అమెరికాలో హోమసోట్ అనే పలక చాలాకాలంగా వాడుకలో ఉంది. న్యూజెర్సీలో 1909లో మొదలైన సంస్థ పాత కాగితాన్ని గుజ్జు చేసి అదిమి తయారుచేసే పలక అది. మేకు తేలిగ్గా దిగుతుంది, అదురును మింగుతుంది. బ్రిటన్‌లో అలాంటిదే సన్‌డీలా బోర్డు. అదీ కాగితపు గుజ్జుతో చేసిందే. కింద దగ్గరదగ్గరగా ఆధారం లేకపోతే కాలక్రమంలో కుంగిపోతుంది కాబట్టి దాన్ని ప్లైవుడ్ మీద పరచడమే మేలు.

కార్కు ఎక్కువమందికి తెలిసిన పొర. మూడు మిల్లీమీటర్ల కార్కు పట్టీని మధ్యకు కోసి, రెండు సగాలనూ వంపు వెంట పరుస్తారు. పట్టాలకు చక్కటి కట్ట ఆకారం వస్తుంది. ఏమీ వేయనిదానికన్నా నయమే. అయితే కార్కు కొంచెం గట్టిది; తెల్ల జిగురు పీల్చుకుని ఆరిందంటే ఇంకా గట్టిపడుతుంది. చప్పుడు బాగా తగ్గాలంటే మూతపడిన గాలిబుడగలుండే ఫోమ్ మంచిది. చెక్క నేలల కింద పరిచేది, వ్యాయామానికి నేల మీద వేసుకునే చాపల్లో వాడేది ఆ రకమే. మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల మందం చాలు. స్పాంజిలా తెరుచుకున్న బుడగలుండే ఫోమ్ మొదట ఎంతో హాయిగా పనిచేస్తుంది గానీ, కొన్నేళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది. పట్టాల కింది పొరను ఆ తర్వాత మార్చడం కుదిరే పని కాదు.

మెత్తదనానికీ హద్దుంది. మరీ మెత్తటి పొర వేస్తే ఇంజన్ బరువుకు పట్టా కిందికి దిగి పైకి లేస్తుంది. అతుకుల దగ్గర టంకం వదులవుతుంది, చక్రం తడబడుతుంది. పొర మీద అరచేయి పెట్టి నొక్కితే కొద్దిగా దిగాలి, చేయి తీయగానే పైకి రావాలి. ఇంజన్ నడుస్తుంటే మాత్రం పట్టా కదలిక కంటికి కనిపించకూడదు. ఇంకో అడుగు వేయాలనుకునేవారు పొరలు మారుస్తారు: బల్ల మీద మెత్తటి ఫోమ్, దాని మీద పలచటి బరువైన పలక, ఆ పైన మళ్లీ పలచటి ఫోమ్, అప్పుడు పట్టా. మెత్తనిది, గట్టిది మారిన ప్రతి సరిహద్దు దగ్గరా అదురు కొంత వెనక్కి తిరిగిపోతుంది.

మేకు, జిగురు

ఇంత చేసి పట్టాను మేకులతో బల్లకు బిగిస్తే శ్రమంతా వృథా. ఫోమ్‌ను దాటుకుని స్లీపరు నుంచి చెక్కలోకి దిగిన లోహపు మేకుకు మించిన వంతెన ఇంకొకటి లేదు. జిగురు ఆరేదాకా పట్టాను పట్టి ఉంచడానికి మేకులు వాడవచ్చు. ఆరాక ప్రతి ఒక్కటీ పీకేయాలి. పుస్తకాలో, బియ్యం సంచులో బరువుగా పెట్టినా అదే పని జరుగుతుంది.

జిగురు ఆరాక కూడా సాగేదై ఉండాలి. వడ్రంగులు వాడే తెల్ల జిగురు రాయిలా గట్టిపడుతుంది. అది చెక్కకు చెక్క అతికించడానికి పనికొస్తుంది, ఇక్కడ కాదు. బ్రిటన్‌లో తివాచీల పనికి వాడే కాపిడెక్స్ అనే రబ్బరు పాల జిగురును మోడల్ రైల్వేవారు తమదిగా చేసుకున్నారు. ఘాటైన వాసన వస్తుంది, కానీ ఆరాక వేలితో లాగితే సాగుతుంది. గోడల సందులు పూడ్చే అక్రిలిక్ పేస్టును పలచగా పూసి పట్టాలు అతికించే పద్ధతి అమెరికాలో ఎక్కువ. తర్వాత ఎప్పుడైనా పట్టా జరపాలంటే కింద పలచటి కత్తి పోనిస్తే చక్కగా లేచి వస్తుంది. ఏది వాడినా పలచటి పూత చాలు. పట్టా పక్కకు జరగకుండా ఉండటమే దాని పని.

కంకర దగ్గర కథ తిరగబడుతుంది

ఇప్పటిదాకా చెప్పినదంతా శ్రద్ధగా చేసినవారు కూడా ఓడిపోయే చోటు ఒకటుంది. పట్టాలు పరిచి, వైర్లు కలిపి, రైలు నడిపి చూస్తారు. హాయిగా, మెత్తగా పోతుంది. సంతోషపడి కంకర వేస్తారు. మర్నాడు రైలు నడిపితే పాత బరబర మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

కారణం తెలుసుకోవాలంటే కంకర వేసే పద్ధతిని దగ్గరగా చూడాలి. సన్నటి రాతిపొడిని చెంచాతో స్లీపర్ల మధ్య పోసి, మెత్తటి కుంచెతో సర్దుతారు. స్లీపర్ల మీద ఒక్క రవ్వ కూడా నిలవకూడదు, పట్టా లోపలి పక్కన అసలే ఉండకూడదు. తర్వాత నీటిని మంచులా చల్లుతారు. తెల్ల జిగురులో సగం నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క కలిపి, ఇంకుఫిల్లరుతో బొట్టుబొట్టుగా వదులుతారు. ఆ సబ్బు చుక్క లేకపోతే జిగురు ముత్యంలా గుండ్రంగా నిలబడి, కంకరను తోసుకుంటూ దొర్లిపోతుంది. ఉంటే రవ్వల మధ్యకు చల్లగా ఇంకిపోతుంది. ఒక రాత్రి ఆరితే రవ్వలన్నీ కలిసి ఒకే దిమ్మగా మారతాయి. చూడ్డానికి ఎంత బాగుంటుందో!

ఆ దిమ్మే వంతెన. స్లీపరు పక్కలను పట్టుకుని, ఫోమ్ వాలు మీదుగా దిగి, బల్ల అంచుకు తాకి ఆగుతుంది. కింద మెత్తటి పొర ఉన్నా, అదురు దాన్ని చుట్టి పక్క నుంచి దిగిపోతుంది.

దీనికి విరుగుడు రెండు విధాలు. మొదటిది, ఫోమ్‌ను కంకర వాలుకన్నా వెడల్పుగా కోయడం. కంకర మొత్తం ఫోమ్ మీదే ఆగాలి, ఒక్క రవ్వ కూడా చెక్కను తాకకూడదు. దాని అవతల నేల కోసం వేసే మట్టి, పచ్చిక కూడా ఫోమ్ అంచు దగ్గరే ఆగాలి. రెండోది, తెల్ల జిగురు బదులు రబ్బరు పాల జిగురునే నీళ్లు కలిపి వాడటం. ఆరాక కంకర పొరను వేలితో నొక్కితే కొంచెం దిగుతుంది. రాతిపొడి బదులు అక్రోటు పెంకుల పొడితో చేసిన తేలికపాటి కంకర కూడా దొరుకుతుంది. అయితే జిగురు గట్టిదైతే దానివల్లా లాభం లేదు.

ముందు ఒక మీటరు మేర మాత్రమే కంకర వేసి, ఆరనిచ్చి, రైలు నడిపి విని, అప్పుడే మిగతాది మొదలుపెట్టడం మంచిది. ఇంత పనిలో ఓపిక అన్నిటికన్నా ఎక్కువ ఫలం ఇచ్చేది ఈ ఒక్కచోటే.

చిన్న చిన్న వంతెనలు

కరెంటు అందించడానికి పట్టా అడుగున టంకం వేసే వైరు సన్నగా, మెత్తగా ఉండాలి. దానికోసం చెక్కలో చేసే రంధ్రం కొంచెం పెద్దది చేసి, కింద వైరును కాస్త వదులుగా వేలాడదీస్తే అదురు దాని ద్వారా దిగదు. రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పాయింట్లను కదిపే మోటార్లు బల్లకు బిగిసి ఉంటాయి కాబట్టి మధ్యలో రబ్బరు వాషర్లు వేయాలి. టక్కుమని కొట్టే రకంకన్నా నెమ్మదిగా జరిపే రకం చెవికి మేలు. బల్ల కాళ్ల కింద రబ్బరు ముక్కలు, ముందువైపు నేలదాకా వేలాడే బట్ట తెర, ఈ రెండూ తక్కువ ఖర్చుతో ఎక్కువ పనిచేస్తాయి. లేఅవుట్‌ను గోడకు నేరుగా బిగిస్తే గోడ కూడా మోతలో చేరుతుందని మరవకూడదు.

ఎక్కడో ఒకచోట ఇంకా మోగుతోందనిపిస్తే మెకానిక్కుల పద్ధతి ఒకటుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను బల్ల అడుగున ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు తాకించి, ఇంకొకరిని రైలు నడపమనాలి. మొనను అంగుళం అంగుళం జరుపుతూ పోతే ఒకచోట చప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ పైన చూస్తే పీకడం మరచిన మేకో, అంచు దాటి దిగిన కంకరో తప్పకుండా దొరుకుతుంది.

పెద్ద రైల్వే చేసేదీ ఇదే

ఇదంతా బొమ్మల కోసం పుట్టిన విద్య అనుకోనక్కరలేదు. మన భారతీయ రైల్వే కాంక్రీటు స్లీపరును దగ్గరగా చూస్తే పట్టాకూ స్లీపరుకూ మధ్య గాళ్లు పడిన రబ్బరు మెత్త కనిపిస్తుంది. పట్టాను పట్టి ఉంచేది స్ప్రింగులా వంగే ఉక్కు క్లిప్పు. స్లీపరు కింద కొట్టిన కంకర మందంగా, వదులుగా ఉంటుంది. రవ్వలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ అదురును తమలోనే అరిగించుకుంటాయి. 13 మీటర్ల పట్టాలను వెల్డింగుతో కలిపి పొడవాటి పట్టాలు చేసినందువల్లే ఇప్పుడు చాలా మార్గాల్లో ఒకప్పటి టకటక వినిపించదు. అసలు లైనులో మామూలుగా కంకరను జిగురుతో అతికించరు. చిన్న లేఅవుట్‌లో అతికించక తప్పదు కాబట్టే అక్కడ పోయిన వదులుతనాన్ని ఫోమ్, రబ్బరు జిగురు రూపంలో మనం తిరిగి తేవాలి.

మన ఊళ్లలో ఈ పని మొదలుపెట్టేవారికి విదేశీ పేర్లు దొరకలేదన్న బెంగ అక్కరలేదు. నోటీసు బోర్డుల్లో వాడే సాఫ్ట్‌బోర్డు, స్టేషనరీ దుకాణాల్లో దొరికే కార్కు షీటు, చేతిపనులకు అమ్మే రంగురంగుల ఈవీఏ ఫోమ్ షీటు, రబ్బరు పాల జిగురు, ఇవి చాలు. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో తేమ ఎక్కువ కాబట్టి ప్లైవుడ్‌కు అన్ని వైపులా, అంచులకు కూడా, వార్నిషు పట్టించడం తప్పనిసరి. హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఉండేవారికి ఇది కింది అంతస్తువారితో సఖ్యతకు సంబంధించిన పని కూడా. లేఅవుట్ కట్టే ముందు ఒక మీటరు చెక్క తీసుకుని, నాలుగు భాగాలు చేసి, ఒకదానిలో ఏమీ లేకుండా, ఒకదానిలో కార్కు, ఒకదానిలో సాఫ్ట్‌బోర్డు, ఒకదానిలో ఫోమ్ వేసి పట్టా పరిచి చూడండి. బరువైన రైలు పెట్టెను అటూ ఇటూ తోస్తే తేడా చెవికే తెలుస్తుంది. సెల్‌ఫోనులో శబ్దాన్ని కొలిచే యాప్ ఉంటే ఒకే దూరం నుంచి పోల్చి చూసుకోవచ్చు. పది డెసిబెళ్లు తగ్గితే చెవికి చప్పుడు దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే

రైలన్నాక చప్పుడు చేయదా, ఆ మాత్రం మోత ఉంటేనే కదా అందం అనేవారున్నారు. వారికి నేనిచ్చే జవాబు ఒక లెక్క. అన్ని వైపులా 76వ వంతుకు తగ్గించినప్పుడు బరువు నాలుగు లక్షల వంతుకు పైగా తగ్గుతుంది. 100 టన్నుల ఇంజన్ లెక్క ప్రకారం పావుకిలో కూడా తూగదు. పావుకిలో వస్తువు గదంతా అదిరేలా మోగితే కన్ను చూసేదాన్ని చెవి కాదంటుంది. కన్ను దూరాన పొలాల మధ్య పోతున్న రైలును చూస్తుంటుంది. చెవి మాత్రం బల్లను గుర్తు చేస్తూనే ఉంటుంది. నెలల తరబడి రంగులద్ది కట్టిన దృశ్యమంతా ఆ మోతలో చెదిరిపోతుంది.

ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి లోపల చిన్న స్పీకరు ఉంటుంది. ఆవిరి ఇంజన్ ఊపిరి, డీజిల్ ఇంజన్ గుడగుడ, బ్రేకుల కీచు, అన్నీ అసలు ఇంజన్ల దగ్గర రికార్డు చేసినవి. వేలిగోరంత స్పీకరు నుంచి వచ్చే ఆ ధ్వని బల్ల మోతను గెలవలేదు. స్పీకరున్న ఇంజన్‌కు పెట్టే డబ్బులో కొద్ది భాగం ముందు ఫోమ్‌కు, మంచి జిగురుకు పెడితే ఆ ధ్వనికి విలువ వస్తుంది.

పట్టాల టకటక కూడా అప్పుడే మన చేతికి వస్తుంది. ఒకప్పుడు బ్రిటిష్ లైన్లలో పట్టా పొడవు 60 అడుగులు. ఓఓ స్కేలులో అది 240 మిల్లీమీటర్లు. కొందరు నిపుణులు చప్పుడు లేకుండా పరిచిన పట్టా మీద ప్రతి 240 మిల్లీమీటర్లకూ సన్నటి రంపంతో వెంట్రుకవాసి గాటు పెడతారు. గంటకు 60 మైళ్ల వేగంతో పోయే రైలు ఈ లెక్కన సెకనుకు 35 సెంటీమీటర్లు నడుస్తుంది. సెకనుకు ఒకటిన్నర సార్లు చొప్పున బోగీ చక్రాలు ఆ గాటు మీద టక్కుమంటాయి. మన పాత 13 మీటర్ల పట్టాల లైనును కట్టేవారు అదే గాటును 170 మిల్లీమీటర్లకొకటి పెట్టుకోవచ్చు. మోగే బల్ల మీద ఈ గాట్లు పెట్టినా పెట్టకపోయినా ఒకటే, వినపడవు.

ఏ చప్పుడు వినిపించాలో, ఏది వినిపించకూడదో కట్టినవారే నిర్ణయించుకోగలగడం ఈ విద్య ఇచ్చే అసలు లాభం. దానికోసం పడే శ్రమంతా ఎవరూ చూడని పొరల్లోనే జరుగుతుంది, ముందే జరగాలి. పైన దృశ్యం కట్టాక ఇంజన్ మార్చుకోవచ్చు, స్టేషను మార్చుకోవచ్చు, చెట్లు తీసి కొత్తవి నాటుకోవచ్చు. పట్టాల కింది పొరను మాత్రం ఒక్కసారే వేయగలం. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేది ఒక్కటే: ఇంజన్ కొనడం వచ్చే నెలకు వాయిదా వేయండి, ఈ నెల మంచి ప్లైవుడ్, ఫోమ్, సాగే జిగురు కొనండి.